పొడుగు గొంతు దగ్గర వేలాడిన బూట్లు

ఎజిల్డా గూలే తన తండ్రి బూట్లను చెట్టు మీంచి దింపేసిందన్న వార్త వాబికోన్ ఏటి పొడవునా రెండు రోజుల్లో పాకిపోయింది. విన్నవాళ్ళలో ఒక్కరూ మొదట నమ్మలేదు. వంతెన దగ్గర కొట్టు నడిపే ముసలి ప్రొస్పేర్ అయితే చేతిలో టీ కప్పు కింద పెట్టేసి, "ఎవరు, ఎజిల్డానా? పోవోయ్! ఆ బూట్ల వంక వేలు చూపిస్తే వేలు కొరికేసే మనిషి ఆవిడ," అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అలాంటి మనిషి తనే పట్టపగలు గొడ్డలి నడుముకి దోపుకుని చెట్టెక్కి, మేకు పీకి, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరూ తాకని బూట్లను నేల మీద పడేసిందంటే ఎవరు మాత్రం నమ్ముతారు? 

అది ఎంత పనో తెలియాలంటే దుంగలు తోలిన రోజులు తెలియాలి. చలికాలమంతా అడవిలో పైన్ చెట్లు నరికి ఏటి ఒడ్డున పేర్చేవాళ్ళు. వసంతంలో మంచు కరిగి ఏరు పొంగగానే ఆ దుంగలన్నీ నీళ్ళలోకి దొర్లించి, రంపం మిల్లుల దాకా కిందకి తోలేవాళ్ళు. తోలేవాళ్ళు కదిలే దుంగల మీదే నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, తిక్క పుడితే గంతులు కూడా వేసేవాళ్ళు. అడుగున ఇనప మేకులు దిగగొట్టిన బూట్లు లేకపోతే ఆ తడి దుంగల మీద ఒక్క క్షణం నిలబడలేరు. రాత్రి తిండి అయ్యాక ప్రతివాడూ ఆకురాయి తీసి ఆ మేకులకి పదును పెట్టుకునేవాడు. ప్రార్థన మానినా అది మానేవాళ్ళు కాదు.

ఎవడైనా ఏట్లో పడి పోతే, శవం దొరికిన చోటే ఒడ్డున పాతిపెట్టేవాళ్ళు. వాడి కాళ్ళ బూట్లు విప్పి, పక్కనున్న చెట్టుకి మేకు కొట్టి తగిలించేవాళ్ళు. వాడికి శిలువా అదే, రాతిఫలకమూ అదే. ఆ తరువాత ఆ దారిన ఎవరు పడవలో పోయినా టోపీ తీయాలి. నోటికొచ్చింది వాగేవాడు కూడా అక్కడ నోరు మూసుకోవాలి. ఆ బూట్లు ముట్టుకోకూడదు. వాటి గురించి ఆరా తీయకూడదు. ఎవరివో, ఎలా పోయాడో ఇంటివాళ్ళు చెప్తే వినాలి, అంతే. మా తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. ఇప్పుడు దుంగల్ని లారీలు మోస్తున్నాయి. ఏట్లో మునిగిన పాత దుంగలూ, బండలకి దిగ్గొట్టిన ఇనప కడియాలూ మిగిలాయి. వేసవిలో పట్నాల నుంచి కనూ పడవల్లో షికారుకి వచ్చేవాళ్ళు మిగిలారు. ఆ బూట్లు మాత్రం అక్కడా ఇక్కడా వేలాడుతూనే ఉన్నాయి.

పొడుగు గొంతు అనే గండి దగ్గర దేవదారు చెట్టుకి వేలాడేవి క్లెయోఫాస్ గూలేవి. ఎజిల్డా నాన్న. 1948లో, దుంగల తోలకం ముగిసే రోజుల్లో, వెనకబడ్డ దుంగల్ని ఏరుకుంటూ వచ్చిన చివరి గుంపులో ఉన్నాడు. ఆ గుంపుకి వంటవాడు ఎజిల్డా మేనమామ ఉబాల్డ్. ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఒక్కడే ఇంటికొచ్చి, వాకిట్లోనే నిలబడి, "గొంతులో దుంగలు చిక్కుపడ్డాయి. విప్పబోయి జారాడు. ఎంత వెతికినా దొరకలేదు. ఏరు తనదగ్గరే ఉంచేసుకుంది," అని చెప్పాడు. అప్పటికి ఎజిల్డాకి తొమ్మిదేళ్ళు, వెనక ఇద్దరు తమ్ముళ్ళు. తల్లి ఎమెరాన్స్ ఆ రోజు ఏడవలేదని ఊరంతా చెప్పుకుంది. ఎంత గుండె నిబ్బరమో అని మెచ్చుకున్నారు కూడా. పాదిరి గారు పూజ చేయించారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ చలికాలమంతా వంతులేసుకుని వాళ్ళింటికి చిక్కుడుగింజలూ పందిమాంసమూ పంపారు.

ఎజిల్డాకి తండ్రి ముఖం సరిగ్గా గుర్తులేదు. ఉండడానికి వీలేదీ? చలికాలం అడవిలో, వసంతం ఏట్లో, ఇంట్లో ఉండేది వేసవి నాలుగు వారాలు. గడ్డం గుర్తుంది. పొగాకు వాసన గుర్తుంది. ఇంట్లో ఫోటో అనేది లేదు. అందుకే పదిహేడో ఏట మామయ్యని పట్టుకుని పీకింది. "నన్ను తీసుకెళ్ళు మామయ్యా, బూట్లు చూడాలి." ఆయన ఏడాది పాటు తప్పించుకున్నాడు. నడుం నొప్పన్నాడు, నీళ్ళు తగ్గాయన్నాడు, నీళ్ళు పెరిగాయన్నాడు. చివరికి తీసుకెళ్ళక తప్పలేదు. చెట్టు దగ్గరికి వచ్చాక ఆయన పడవ దిగలేదు. ఆ పిల్ల ఒక్కతే వెళ్ళి బూట్ల కింద నిలబడి గంటసేపు మాట్లాడి వచ్చింది. అప్పటి నుంచి ఏరు వదల్లేదు.

మొదట చేపల వేటకి వచ్చే దొరలకి వంట చేసింది. తరువాత తెడ్డు పట్టింది. మగ గైడ్లు ఎగతాళి చేస్తే ఊరుకునే రకం కాదు. ఒకసారి ఎవడో, "ఆడదానివి, పడవ మోయగలవా?" అన్నాడట. పడవ తలకిందులుగా భుజాల మీదకెత్తుకుని, వీపుకి పిండిమూట కట్టుకుని, అరమైలు ఎక్కడా దించకుండా మోసి, అవతల దించి, "మిగతా సామాను ఎవరు తెస్తారు? మీ ఆవిడని పిలిపించమంటావా?" అందట. ఆ మాట ఇప్పటికీ మా దగ్గర సామెతలా చెల్లుతోంది.

ఒక్క విషయంలో మాత్రం ఆమె మొండిది. పొడుగు గొంతులోకి పడవ దించదు. కుర్ర గైడ్లంతా నీళ్ళు మధ్యరకంగా ఉన్నప్పుడు కేకలు పెట్టుకుంటూ అందులో దిగిపోతారు. ఎజిల్డా మాత్రం ఏ నీళ్ళలోనైనా ఒడ్డెక్కి, పడవ భుజాన మోసుకుపోయే మైలున్నర మోతదారి పట్టాల్సిందే. దారి చివర బూట్ల చెట్టు. అక్కడ టోపీ తీసి, తల వంచి, చిటికెడు పొగాకు చెట్టు మొదట్లో వేసి, అప్పుడు భోజనం. భోజనం అయ్యాక తండ్రి కథ. ఆ కథ వినడానికే మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళున్నారు. చివరికొచ్చేసరికి పట్నం ఆడవాళ్ళు ముక్కులు చీదేవాళ్ళు.

ఇరవై ఆరేళ్ళప్పుడు ఎల్జియార్ అని, అడవికి మంటలంటుకోకుండా కొండ మీద కాపలా కాసేవాడు ఆమెని పెళ్ళాడతానన్నాడు. మంచివాడు. అతనికి పట్నంలో ఉద్యోగం వచ్చింది, తనతో వచ్చెయ్యమన్నాడు. "నాన్నని చూసేవాళ్ళెవరు?" అంది ఎజిల్డా. "ఆయన పోయి పదిహేడేళ్ళయింది కదా!" అన్నాడతను. అంతే, మళ్ళీ అతనితో మాట్లాడలేదు. అతను వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆమెని ఎవరూ అడగలేదు, అడిగే ధైర్యం మా ఊళ్ళో ఎవరికీ లేదు కూడా.

ఆమె చెప్పే కథల్లో 1972 ఆగస్టులో వచ్చిన ముసలాయన కథ ఒకటుంది. పేరు ఒనెసీమ్. ఉత్తరాన బంగారు గనుల్లో పనిచేసి రిటైరయ్యానని చెప్పాడు. నున్నగా గీసిన గడ్డం, ఆగని దగ్గు. ఒక్కడే వచ్చాడు. మాట తక్కువ. మోతదారి ఎక్కడ మొదలవుతుందో ఎజిల్డా చూపించేలోపే మూట భుజాన వేసుకుని పొదలు తప్పించి అటు నడిచాడు. 'ముసలాడికి కళ్ళు బాగానే ఉన్నాయే,' అనుకుందామె. బూట్ల చెట్టు దగ్గర మాత్రం అందరిలా టోపీ తీయలేదు. నోరు తెరుచుకుని అలా చూస్తూ నిలబడిపోయాడు. ఎజిల్డాకి చిర్రెత్తింది.

"టోపీ తీయండి. అది మా నాన్న సమాధి," అంది.

ఆయన రెండు చేతులతో టోపీ తీశాడు. భోజనం ముట్టుకోలేదు. కథ మొత్తం విన్నాడు. తరువాత టోపీ ఒళ్ళో పెట్టుకుని, "అమ్మాయ్, ఊరికే అడుగుతున్నాను. ఒకవేళ ఆ మనిషి చావకుండా ఎటో పోయాడనుకో. మిమ్మల్ని వదిలేసి. అప్పుడో?" అన్నాడు.

ఎజిల్డా నోరు మీకు తెలుసు కదా. "అలాంటి వెధవే అయ్యుంటే నేనీ బూట్లకి టోపీ తీసేదాన్నా? మా కుక్కని పైకెత్తి పట్టుకుని వాటి నిండా ఉచ్చ పోయించేదాన్ని!" అంది.

ముసలాయన నవ్వడం మొదలెట్టాడు. కడుపు పట్టుకుని, దగ్గొచ్చి, ఉక్కిరిబిక్కిరై, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. తన మాటకి అంతలా నవ్వినవాళ్ళు లేరని ఎజిల్డా ఏళ్ళ తరబడి గొప్పగా చెప్పుకుంది.

చివరి రోజు ఒడ్డున సామాను దించుతుంటే ఆయన, "మీ అమ్మ ఉందా?" అని అడిగాడు.

"నిక్షేపంలా ఉంది. ఒక పిడి విరిగిన అప్పడాల కర్రతో ఊరందరికీ ఆపిల్ పైలు చేసి పెడుతూ ఉంటుంది. కొత్తది కొనిస్తానంటే తిడుతుంది."

ఆయన కాసేపు ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు. తరువాత మూటలోంచి ఒక ఆకురాయి తీసి ఆమె చేతిలో పెట్టాడు. పాతది, చెక్క పిడిది. "నీ గొడ్డలి మొద్దుబారింది, అమ్మాయ్. ఇది ఇంట్లో పెట్టుకో," అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఎజిల్డా దాన్ని ఇంట్లో పెట్టలేదు. గొడ్డలితో పాటు పడవల షెడ్డులో, ప్రయాణాల సంచిలోనే ఉంచింది. మంచి ఆకురాయి. ఏడేళ్ళు దాంతోనే పదును పెట్టుకుంది.

ఇక బెర్నిస్ కెడీ సంగతి. ఈవిడ పెంబ్రోక్ పట్నంలో బూట్లు బాగుచేసే దుకాణం నడుపుతుంది. తండ్రి నుంచి వచ్చిన పని. ముక్కుసూటి మనిషి, పనిలో పడితే మర్యాద గుర్తుండదు. 1979 సెప్టెంబర్లో, మేపుల్ చెట్లు ఎర్రబడుతున్న రోజుల్లో, ఒక్కతే వచ్చి ఎజిల్డాతో ఒకే పడవలో బయల్దేరింది. నాలుగు రోజులు ఇద్దరికీ బాగా కుదిరింది. అయిదో రోజు బూట్ల చెట్టు కింద ఎజిల్డా తల వంచి నిలబడి ఉంటే, బెర్నిస్ తల ఎత్తి నిలబడింది. ఆమె కళ్ళు బూట్ల మీంచి కదల్లేదు. కథంతా అయ్యాక కూడా అటే చూస్తోంది.

"ఎజిల్డా, ఒక మాటంటాను. తిట్టకూడదు."

"తిట్టాల్సిన మాటైతే తిడతాను."

"ఈ బూట్లు ఎవరూ తొడగలేదు."

ఎజిల్డా చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. "ఏం కూశావ్?"

"ఇరవై ఏళ్ళుగా ఇదే పని నాది. తొడిగిన బూటుకి వేళ్ళు వంగే చోట ముడత పడుతుంది. ఎండకి ఎండినా వానకి నానినా ఆ ముడత చావదు. వీటికి లేదు. అడుగున మేకులు చూడు. తుప్పు పట్టాయి గానీ ఒక్కటీ అరగలేదు. నేరుగా దుకాణంలోంచి వచ్చినట్టే ఉన్నాయి."

"మా నాన్న ఆ ఏడాది కొత్తవి కొనుక్కుని ఉంటాడు!"

"కొనుక్కుంటే తొడుక్కోడా? బూట్లు లేకుండా దుంగెక్కడని ఇప్పుడే నువ్వే చెప్పావు." బెర్నిస్ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఆమెకి నిజంగానే అర్థం కాక అడిగింది. "అయినా, శవం దొరకలేదన్నావు కదూ?"

"దొరకలేదు."

"మరి బూట్లెక్కడివి?"

ఎజిల్డా తలెత్తి బూట్ల వంక చూసింది.  ముప్పై ఒక్క ఏళ్ళు! ఆ కథని కొన్ని వందల సార్లు చెప్పింది. విన్నవాళ్ళలో లాయర్లున్నారు, డాక్టర్లున్నారు, ఒక పోలీసు అధికారి కూడా ఉన్నాడు. మా ఊరివాళ్ళం మేమంతా ఉన్నాం. శవం దొరకలేదని ఒక నోటితో, కాళ్ళ బూట్లు విప్పి తగిలించారని అదే నోటితో చెప్పుకుంటూ, టోపీలు తీస్తూ, ముక్కులు చీదుతూ గడిపేశాం. ఏట్లో పోయినవాడి కాళ్ళ నుంచి బూట్లు ఎవరు విప్పారని ఒక్క మనిషికి తట్టలేదు. బూట్లు వేలాడుతుంటే మా ఏట్లో ప్రశ్నలుండవు. ఎంత సిగ్గుచేటు, చెప్పండి!

ఎజిల్డా ముందు బెర్నిస్‌ని తిట్టింది. ఫ్రెంచిలో తిట్టింది, ఇంగ్లీషులో తిట్టింది. బెర్నిస్ భయపడి నిప్పు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అప్పుడు ఎజిల్డా గొడ్డలి తీసుకుని చెట్టెక్కింది.  మేకు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. గొడ్డలి వెనకవైపుతో కొట్టి కొట్టి ఊడదీసింది. బూట్లు కింద పడ్డాయి.

దిగి వచ్చి ఒక బూటు ఒళ్ళో పెట్టుకుని లోపలికి చెయ్యి పెట్టింది. ముందు ఎలుకలు కట్టుకున్న గూడు, నాచు, ఈకలు. ఇంకా లోపలికి, వేళ్ళుండే చోట, ఏదో గట్టిగా తగిలింది. బయటికి లాగింది. గోధుమరంగు కాగితం, ఉండలా చుట్టింది. కొత్త బూట్లు కొన్నప్పుడు ముందుభాగం నొక్కుకుపోకుండా దుకాణంవాళ్ళు కుక్కి ఇస్తారే, ఆ కాగితం. రెండో బూటులోనూ ఉంది. తీయడం ఎవరో మరిచిపోయారు. ఆ కాగితం ఉండగా అందులో మనిషి కాలు పట్టదు.

ఎజిల్డా ఆ ఉండల్ని మళ్ళీ బూట్లలో పెట్టి తీసింది, పెట్టి తీసింది.  ఆ మాట తరువాత బెర్నిసే నాతో చెప్పింది, చెప్తూ ఆమె కూడా ఏడ్చింది.

మిగతా రెండు రోజులూ ఎజిల్డా తెడ్డు వేయడమే పనిగా పెట్టుకుంది. టీలో ఉప్పు వేసి తాగింది. తాగి, ఉప్పని కూడా గుర్తించలేదు. బూట్లు పడవలో తన మోకాళ్ళ ముందే పెట్టుకుంది. వంతెన దగ్గర బెర్నిస్‌ని దించి, సంచి భుజాన వేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని ఊరి నడిమధ్య నుంచే ఇంటికి నడిచింది. చూసినవాళ్ళు గోడలకి అతుక్కుపోయారు.

ఎమెరాన్స్‌కి అప్పుడు అరవై నాలుగేళ్ళు. వంటింట్లో బల్ల మీద పిండి పరిచి, ఆ ఒంటిపిడి కర్రతో ఆపిల్ పై కోసం వత్తుతోంది. కూతురు లోపలికొచ్చి, పిండి మీదే, టప్‌మని బూట్లు పెట్టింది.

తల్లి మొదట అన్న మాట ఇది. "వాటిని ముట్టుకోమని నీకెవరు చెప్పారే?"

"అందుకేనా అమ్మా ముట్టుకోకూడదన్నావు?" ఎజిల్డా కాగితం ఉండలు బల్ల మీద పెట్టింది. "కాగితం తీయడం మరిచిపోయావు."

ఎమెరాన్స్ కాగితాల వంక చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. అబద్ధం చెప్పే ప్రయత్నం చేయలేదు. దానికి మాత్రం ఆవిడని మెచ్చుకోవాలి.

"పోయాడే. ఉత్తరాన గనులకి. అక్కడ ఎవతో ఉంది. తోలకం అయిపోయిన రోజు ఉబాల్డ్‌తో చెప్పి పంపాడు, 'ఇక రాను, నాకోసం చూడొద్దను' అని. అంతే. ఆ ఒక్క ముక్క. నాకు ముప్పై మూడేళ్ళు, ముగ్గురు పిల్లలు."

"మరి బూట్లు?"

"ఆయన బూట్లు ఆయన కాళ్ళకే ఉన్నాయి. నేను దుకాణంలో కొత్తవి తీసుకున్నాను. ఉబాల్డ్ కాళ్ళు పట్టుకున్నాను, ముందు వాకిట్లో నిలబడి ఏట్లో పోయాడని అందరికీ వినబడేలా చెప్పు, ఆనక వెళ్ళి ఇవి తగిలించి రారా అని. బూట్లు వేలాడితే ఎవరూ అడగరని తెలుసు." ఆవిడ గొంతు పెరిగింది. "ఏం చేయమంటావు? మొగుడు వదిలేసినదాన్ని ఈ ఊరు ఎలా చూస్తుందో నీకు తెలీదా? మీ ముగ్గుర్నీ బడిలో ఏమని పిలిచేవాళ్ళు? అందుకే ఆయన్ని చంపేశాను. చంపి, మీకు మంచి నాన్నని ఇచ్చాను. తప్పంటావా?"

ఎజిల్డా గోడకి ఆనుకుంది.  "నేను ఎల్జియార్‌ని కాదన్నానమ్మా," అంది. "వీటికోసం."

ఎమెరాన్స్‌కి ఆ సంగతి తెలియక కాదు. ఎదురుగా నిలబడి కూతురు అనడం అదే మొదలు. పిండి అంటిన చేతులతో ముఖం కప్పుకుంది. "నువ్వలా ఏటికి అతుక్కుపోతావని నేననుకున్నానా? ఒక్కసారి చూసి ఏడ్చి వచ్చేస్తావనుకున్నాను. తరువాత చెబుదామంటే, ఎలా చెప్పను? ఏమని మొదలెట్టను?"

ఎజిల్డాకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముసలమ్మ మీద అరవలేక బూట్ల మీద అరిచింది. ఒకదాన్ని తిరగేసి తల్లి ముఖం ముందు పెట్టింది. "చూడు! ఒక్క మేకూ అరగలేదు. దుంగలు తోలేవాడి బూటుకి రోజూ ఆకురాయి తగలాలి. ఇరవై ఏళ్ళు దీని కింద నిలబడి కూడా నాకు కనబడలేదు. ఆకురాయి తగిలితే ఇదిగో, ఇలా ఉండాలి!" అంటూ సంచిలో చెయ్యి పెట్టి ఆకురాయి తీసి, ఒక మేకు మీద బరబరా గీసింది. తుప్పు రాలి మెరుపు తేలింది.

ఎమెరాన్స్ మేకు వంక చూడలేదు. కూతురి గుప్పిట్లో ఉన్న చెక్కపిడి వంక చూస్తోంది. 

"అదెక్కడిదే?"

"ఏది?"

"ఆ పిడి." చెయ్యి చాచి ఆకురాయి లాక్కుంది. రెండో చేత్తో పిండిలోంచి అప్పడాల కర్ర తీసుకుంది. పిడి విరిగిన వైపు, ఆకురాయి పిడి చివర్ని ఆనించింది. వాలుగా విరిగిన చెక్క వాలుగా విరిగిన చెక్కలో కూర్చుంది. నడుమ వెంట్రుకవాసి కూడా ఖాళీ లేదు. మేపుల్ చెక్కలో సన్నటి గోధుమ చార ఒకటి కర్రలో మొదలై పిడిలోకి నడిచింది.

"పెళ్ళయిన రెండో ఏడు ఏదో గొడవలో దీన్ని బల్లకేసి కొట్టాను. విరిగింది. ఆయన నవ్వి ఆ ముక్క తీసుకుని ఆకురాయికి తొడుక్కున్నాడు. 'నీ కోపం నా జేబులో ఉంటుందే ఇక' అన్నాడు. పోయినప్పుడు తీసుకుపోయాడు." ఎమెరాన్స్ ఆకురాయిని కూతురి ముందుకి చాపింది. "ఎవరిచ్చారు నీకిది?"

ఎజిల్డా బల్లకి ఇవతల కూర్చుంది.  ఎవరిచ్చారో చెప్పింది. ఏ ఏడాదో చెప్పింది. మోతదారి చూపించకుండానే నడిచాడని చెప్పింది. టోపీ తీయమని తానే గదమాయించానని చెప్పింది. చెప్తుంటే తన మాటలు తనకే ఎవరివోలా వినిపించాయి.

ఎమెరాన్స్ వింటోంది. ఆయన వచ్చాడన్నది ఆవిడకీ అప్పుడే తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్ళు కూతురి దగ్గర గుట్టు దాచిన మనిషి, ఏడేళ్ళుగా ఆ కూతురి పడవల షెడ్డులో ఏముందో తెలియకుండా బతికింది. కర్రా పిడీ రెండూ గుండెకి అదుముకుంది. "నీ చేతి వంట తిన్నాడా?" అని అడిగింది ముందు.

"చెట్టు దగ్గర తినలేదు. మిగతా రోజులు తిన్నాడు."

"ఇంటికొస్తాననలేదా?"

"నువ్వున్నావా అని అడిగాడు. అంతే."

"నీతో చెప్పాలని చూడలేదా? ఒక్క మాటైనా?"

ఎజిల్డా తలెత్తి తల్లిని చూసింది. ఆ చెట్టు, ఆ మధ్యాహ్నం, టోపీ ఒళ్ళో పెట్టుకున్న ఆ ముసలాయన ముఖం కళ్ళ ముందుకొచ్చాయి. అప్పుడో, అని అడిగిన గొంతు వినిపించింది.

"చూశాడమ్మా," అంది. "నాన్న చావకుండా మమ్మల్ని వదిలేసి పోయుంటే ఏం చేస్తావని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

 ఎజిల్డా పిండి మీద పడి ఉన్న బూటుని దగ్గరికి లాక్కుని, లోపలికి చెయ్యి పెట్టి, ఖాళీగా ఉందో లేదో మళ్ళీ చూసుకుంది.

"నవ్వించాను," అంది. "కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వించాను."